ఒకే పేరు, రెండు జబ్బులు: ఒక తెలుగు కుటుంబం, హెపటైటిస్ బి, మేం మార్చుకున్న పద్ధతి

న్యూజెర్సీలో ఒక చిన్న కమ్యూనిటీ క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి తెలుగువాళ్లు, గుజరాతీలు, చైనీయులు, కొరియన్లు ఎక్కువగా వస్తారు. లివర్ కేసుల ఫాలో-అప్ నా పని. రిపోర్టు వచ్చాక ఫోన్ చేయాలి, మందు మొదలుపెట్టినవాళ్లు మధ్యలో మానేయకుండా చూడాలి, ఇంట్లో మిగతావాళ్లను పరీక్షకు రప్పించాలి. ఈ మూడోదే కష్టం. ఇక్కడ రాస్తున్న కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. రాయడానికి వాళ్లు ఒప్పుకున్నారు.

గుడి హాల్లో మొదటి క్యాంపు

18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ జీవితంలో ఒక్కసారైనా, లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ పరీక్ష చేయించుకోవాలని 2023 మార్చిలో అమెరికా కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ సిఫార్సు చేసింది. అంతకుముందు రిస్కు ఉన్నవాళ్లకే పరీక్ష అనేవారు. ఆ రిస్కు జాబితాలో ఆసియా దేశాల్లో పుట్టినవాళ్లు మొదటినుంచీ ఉన్నారు. అమెరికా జనాభాలో ఆసియా మూలాలున్నవాళ్ల వాటా చిన్నదే. కానీ ఈ దేశంలో దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో సగానికి పైగా వాళ్లే. మే 19 ఇక్కడ హెపటైటిస్ పరీక్షల దినం. దాన్ని పురస్కరించుకుని ఆ నెల మూడో ఆదివారం ఒక గుడి హాల్లో అవగాహన క్యాంపు పెట్టాం.

మెటీరియల్ కోసం మేం పెద్దగా కష్టపడలేదు. అసలు తప్పు అక్కడే జరిగింది. ఈ దేశంలో చైనీయులు, వియత్నామీయులు, కొరియన్ల కోసం పాతికేళ్లుగా హెపటైటిస్ బి మీద మంచి పని జరుగుతోంది. స్టాన్‌ఫర్డ్‌లోని ఏషియన్ లివర్ సెంటర్ జేడ్ రాయి రంగులో రిబ్బన్ తయారుచేసింది. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఊరంతటినీ కదిలించిన ప్రచారం నడిచింది. చైనా సంస్కృతిలో జేడ్ అంటే శుభం, ఆరోగ్యం, గౌరవం. మేం ఆ ధోరణిలోనే ఉన్న స్లైడ్లు తీసుకుని తెలుగులోకి అనువాదం చేయించాం. పోస్టరు మీద ‘నిశ్శబ్ద హంతకి’ అని, కింద ‘కాలేయ శోథ’ అని పడింది. పక్కన ఆకుపచ్చ రిబ్బన్, దాని వెనక నవ్వుతున్న చైనా కుటుంబం.

రక్తం తీసే బల్ల భోజనాల వరస పక్కన వేశాం. జనం ఎక్కువగా కనపడతారని అలా ఎంచుకున్నాం. కుర్చీలో కూర్చున్నవాళ్లు కూడా జనానికి అంతే బాగా కనపడతారన్న ఆలోచన మాకు రాలేదు. పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడ్డ నూటయాభై మంది ముందు హెపటైటిస్ అని బోర్డు పెట్టిన బల్ల దగ్గర చేయి చాపేదెవరు? ఆ రోజు రక్తం ఇచ్చింది నలుగురు. అందులో ముగ్గురు మా వాలంటీర్లే.

రానివాళ్లు చెప్పిన కారణాలు మూడు రకాలు. ఒక పెద్దాయన పోస్టరు చూసి, ‘ఇది చైనావాళ్లకి వచ్చేది కదమ్మా’ అన్నారు. ఇంకొకరు, ‘మేం 98లోనే క్యాంపులో మూడు డోసులూ వేయించుకున్నాం’ అన్నారు. మూడో ఆవిడ చెయ్యి ఊపుతూ, ‘కామెర్లా? నాకు చిన్నప్పుడే వచ్చి పోయాయి’ అంది. ఆ రాత్రి నోట్స్‌లో వీటిని ‘నిరాకరణలు’ అనే శీర్షిక కింద రాసుకున్నాను. మూడూ మూడు వేర్వేరు సంగతులని, ఒక్కోదానికి వేరే జవాబు కావాలని అప్పటికి తట్టలేదు.

మొదటిదానికి జవాబు సులువు. ఇక్కడ మనవాళ్లు మాటల్లో ‘ఏషియన్’ అన్నారంటే చైనా, కొరియా వాళ్లనే ఉద్దేశం. ఫారంలో ‘ఏషియన్’ అన్న గడిలో టిక్కు పెట్టేది మాత్రం మనమే. 2022లో భారతదేశంలో సుమారు 2.98 కోట్ల మంది హెపటైటిస్ బితో ఉన్నారని డబ్ల్యూహెచ్ఓ అంచనా. ఈ ఒక్క అంకె చాలు.

రెండోది కొంచెం లోతైనది. మన దేశంలో జన్యు పరిజ్ఞానంతో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకాను 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసింది. అంతకుముందు విదేశీ టీకా మామూలు ఇంటికి అందే ధరలో ఉండేది కాదు. ధర దిగిరాగానే క్లబ్బులు, స్కూళ్లు, కాలనీ సంఘాలు క్యాంపులు పెట్టాయి. నా తరం తెలుగువాళ్లలో చాలామందికి ఆ క్యాంపు వరసలు గుర్తుంటాయి. మంచి పనే జరిగింది. కాకపోతే సూది వేసేముందు రక్త పరీక్ష చేసిన క్యాంపు నేనైతే చూడలేదు. వైరస్ అప్పటికే ఒంట్లో ఉంటే టీకా హాని చేయదు, మేలూ చేయదు. ఆ మనిషి మాత్రం తనకు రక్షణ ఉందనే నమ్మకంతో పాతికేళ్లు గడిపేస్తాడు. అందుకే ఇప్పుడు ‘టీకా వేయించుకున్నారా?’ అని అడగడం మానేశాను. ‘రక్తం ఎప్పుడైనా పరీక్ష చేయించారా?’ అని అడుగుతున్నాను.

మూడోదాని సంగతి ఈ కేసు వచ్చాకే అర్థమైంది.

కేసు

జూన్‌లో ఒక దంపతులు వచ్చారు. జగిత్యాల వైపు వాళ్లు. ఆమెకు 29 ఏళ్లు, తొలి కాన్పు, 14వ వారం. ఇక్కడ ప్రతి గర్భిణికీ, ప్రతి కాన్పులోనూ, రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేస్తారు. ఆమెకు పాజిటివ్ వచ్చింది. గర్భిణికి పాజిటివ్ వస్తే ఆరోగ్య శాఖకు తెలియజేయాలి. బిడ్డకు టీకాలు సమయానికి పడేలా చూసే ప్రత్యేక కార్యక్రమం ఉంది కాబట్టి వాళ్లు ఫోన్ చేస్తారు. ఇదంతా తల్లీబిడ్డల మేలు కోసమే. కానీ భర్త వీసాపై ఆధారపడే హెచ్4 వీసా మీద ఉన్న అమ్మాయికి ప్రభుత్వ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే ఎలా ఉంటుంది?

ఆమె భర్త కుర్చీలో పూర్తిగా కూర్చోకముందే అడిగాడు. ‘మేడం, ముందు ఒక్కటి చెప్పండి. గ్రీన్‌కార్డ్‌కి ప్రాబ్లమా?’

కాదు. గ్రీన్‌కార్డ్ మెడికల్‌లో హెపటైటిస్ బి టీకా వేయించుకున్నట్టు రుజువు అడుగుతారు. దరఖాస్తు తిరస్కరించడానికి కారణమయ్యే జబ్బుల జాబితాలో మాత్రం హెపటైటిస్ బి లేదు. ఈ మాట రెండుసార్లు చెప్పాను, మూడోసారి కాగితం మీద రాసిచ్చాను. అప్పుడుగానీ అతని భుజాలు కిందికి దిగలేదు. అప్పటిదాకా నేను లివర్ గురించి చెప్పినదేదీ అతని చెవికెక్కలేదని తర్వాత ఒప్పుకున్నాడు.

ఈ భయం గాల్లోంచి పుట్టింది కాదు. వాళ్ల వైపు ఇంటికొకరు గల్ఫ్‌కు వెళ్లినవాళ్లే. గల్ఫ్ మెడికల్‌లో హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వస్తే ‘అన్‌ఫిట్’ ముద్ర పడుతుంది, ప్రయాణం ఆగిపోతుంది. హెపటైటిస్ బి అనగానే చైనా నుంచి వచ్చిన పేషెంటుకు ఉద్యోగం గుర్తొస్తుంది. అక్కడ 2010లో నిషేధించేదాకా ఉద్యోగానికి ముందు ఈ పరీక్ష చేసేవారు. మనవాళ్లకు గుర్తొచ్చేవి వీసా, పెళ్లి. స్లైడు ఒకటే అయినా చూసేవాళ్ల భయం వేరు.

రిపోర్టుల్లో ఈ-యాంటిజెన్ పాజిటివ్, అంటే వైరస్ బాగా పెరుగుతోందని గుర్తు. వైరస్ లోడు చాలా ఎక్కువ, మందు మొదలుపెట్టాల్సిన మిల్లీలీటరు రక్తానికి 2 లక్షల యూనిట్ల హద్దుకు ఎన్నో రెట్లు. లివర్ ఎంజైములు మామూలుగానే ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన ఇన్ఫెక్షన్ ఈ వయసులో చాలాసార్లు ఇలాగే కనిపిస్తుంది. పెద్దయ్యాక వైరస్ తగిలితే నూటికి 95 మంది ఒంట్లోంచి అదే పోతుంది. పుట్టేటప్పుడు తగిలితే నూటికి 90 మందిలో ఉండిపోతుంది. ఇవన్నీ తెలిసినదాన్నే కాబట్టి, ‘ఇది మీకు మీ అమ్మగారి నుంచి వచ్చి ఉండొచ్చు’ అనేశాను.

ఈ కేసులో నా వల్ల జరిగిన తప్పు అది. వైద్యపరంగా ఆ మాట తప్పు కాదు. చెప్పిన సమయం తప్పు. అమ్మాయి ఆ సాయంత్రమే ఊరికి వీడియో కాల్ చేసింది. ‘నీ వల్లనే అంటున్నరు’ అన్నది ఆవిడకు చేరిన మాట. పరీక్ష చేయించుకోమని అడగకముందే ఆ తల్లి చేత నేరం ఒప్పించడానికి పూనుకున్నట్టయింది. తర్వాత నాలుగు నెలలు ఆవిడ నా పేరెత్తితే ఫోన్ పెట్టేసేదట.

భర్తకు మూడు భాగాల పరీక్ష చేశాం: వైరస్ ఉందా, రక్షణ ఉందా, ఎప్పుడైనా తగిలిందా. అతను సేఫ్. స్కూల్లో ఉండగా క్యాంపులో వేయించుకున్న డోసులే కాపాడాయి. 28వ వారంలో ఆమెకు టెనోఫోవిర్ మొదలైంది, కాన్పులో బిడ్డకు సోకకుండా వైరస్‌ను అణిచే మాత్ర అది.

గ్లాసు అడుగున ఎర్ర చుక్క

అక్టోబర్‌లో తల్లి పురుటికి వచ్చింది. నవంబర్ మొదట్లో అమ్మాయి ఫోన్ చేసింది. ‘అక్కా, ఒకసారి ఇంటికి వస్తారా? అమ్మ మందు ఆపేయమంటుంది. నేను నాలుగు రోజుల నుంచి వేసుకుంట లేను.’

వెళ్లాను. ఆవిడకు 54 ఏళ్లు ఉంటాయి. నాతో ఎక్కువ మాట్లాడకుండానే టీ పెట్టింది. స్టీలు గ్లాసులన్నీ ఒకేలా ఉన్నాయి, కూతురిది మాత్రం తిప్పి పెట్టి ఉంది. అడుగున ఎర్ర గోళ్లరంగుతో చిన్న చుక్క. కంచానికీ అదే గుర్తు.

ఎందుకు పెట్టారని మామూలుగానే అడిగాను. ఆవిడా మామూలుగానే చెప్పింది. ‘కామెర్లు అంటుకుంటయి గద మేడం. మా ఊర్లె కామెర్లు వచ్చినోళ్లకు కంచం వేరెనే పెడ్తం. పత్తెం పెడ్తం, పసరు తాపిస్తం. నెల తిరిగేసరికి లేచి తిరుగుతరు.’

ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వచ్చే హెపటైటిస్ ‘ఏ’, హెపటైటిస్ ‘ఈ’ అనే వైరస్‌లు సరిగ్గా ఇలాగే ఉంటాయి. ఒకరి తిండిలోంచి ఇంకొకరికి అంటుతాయి, కాబట్టి కంచం వేరు పెట్టడంలో అర్థం ఉంది. కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, కాబట్టి పథ్యమూ పసరూ పనిచేసినట్టే కనిపిస్తాయి. తరతరాలుగా పల్లె చూసింది ఆ కామెర్లని. మేం పోస్టరు మీద చెప్తున్న జబ్బు వేరు. మన భాషలో రెండింటికీ కలిపి ఉన్నది ఒకే మాట. గుడిలో ‘చిన్నప్పుడే వచ్చి పోయాయి’ అన్నావిడ కూడా నిజమే చెప్పింది, ఇంకో వైరస్ గురించి.

అవగాహన లోపం అని మేం రిపోర్టుల్లో రాసుకునేది చాలావరకు ఇదేనని నా అభిప్రాయం. వాళ్లకు తెలియక కాదు, తెలిసినదాన్ని అన్వయించింది వేరే జబ్బుకు.

పాత క్యాలెండర్ కాగితం వెనక నిలువుగా ఒక గీత గీశాను. ఒక పక్క ‘వచ్చిపోయేది’ అని రాశాను. నీళ్లతో వస్తుంది, కళ్లు పచ్చబడతాయి, తగ్గిపోతుంది. ఇంకో పక్క ‘ఉండిపోయేది’. రక్తంతో వస్తుంది, కాన్పులో తల్లి నుంచి వస్తుంది, లైంగికంగా వస్తుంది, పాత సూదితో, బ్లేడుతో వస్తుంది. కంచంతో రాదు, గ్లాసుతో రాదు. కళ్లు పచ్చబడవు, ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. ‘లివర్’ అన్నాను. ఆవిడ ముఖంలో ఏమీ కదల్లేదు. నాది కృష్ణా జిల్లా. ఆవిడ మాట పట్టుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. ‘కార్జం’ అన్నాను. అప్పుడు తలూపింది. మటన్ షాపులో రోజూ వినే మాట అది. మా కరపత్రం మీద ‘కాలేయము’ అని అచ్చువేశాం.

ఆవిడ కాగితాన్ని కాసేపు చూసి, ‘అంటే చెద లెక్కనా?’ అంది. ‘పైకి దూలం మంచిగనే కనవడ్తది. లోపట తినుకుంట పోతది.’

మూడేళ్ల నుంచి నేను వెతుకుతున్న మాట అది. ‘దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్, లక్షణాలు కనిపించవు’ అని ఎన్ని స్లైడ్లలో రాశానో.

తర్వాత ఫారం ప్రకారం అడిగాను. ‘మీ ఇంట్లో ఎవరికైనా లివర్ జబ్బు ఉందా?’ లేదంది. ఫారంలో ఆ గడి దగ్గర ‘లేదు’ అని రాసుకుని ముందుకు పోవడమే మాకు అలవాటు. ఆ రోజు ఎందుకో ఇంకోలా, లివర్ పాడైతే బయటికి కనిపించే గుర్తుతో అడిగాను. ‘కడుపులో నీళ్లు చేరి పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా అమ్మా?’

‘మా ఆయన’ అంది. ‘కల్లు తాగెటోడు. గందుకే అన్నరు డాక్టర్లు.’

లేచి స్టవ్ కట్టేసింది. కూతురి వైపు చూడకుండా మిగతాది చెప్పింది. ‘పెద్దోడు దుబాయ్ పోతనని బొంబాయి వోయిండు గద. అప్పుడు మెడికల్ల అన్‌ఫిట్ అన్నరు. గీ బీ అనే చెప్పిన్రు.’ అమ్మాయి నోరు తెరిచింది. పన్నెండేళ్లుగా ఆమెకు తెలిసిందల్లా అన్నయ్య ఎక్స్‌రేలో ఏదో మచ్చ కనపడిందని. ‘అప్పటికి దీని పెండ్లి గాలె. తెలిస్తే ఎవలు చేసుకుంటరు?’

ఫోన్లో పుట్టిన ప్రశ్న అప్పుడు బయటికొచ్చింది. ‘నేనే పెట్టిన్నా నా పిల్లలకు?’

ఓదార్పు మాటలు చెప్పలేదు, తేదీలు చెప్పాను. కూతురు పుట్టింది 1994లో. హైదరాబాద్ టీకా వచ్చింది 1997లో. పిల్లలకు ప్రభుత్వం ఈ టీకా వేయడం 2002లో కొన్నిచోట్ల మొదలై, దేశమంతటికీ చేరేసరికి 2011 అయింది. ‘మీ కాన్పుల నాటికి ఆ సూది మీ ఊరిదాకా రానేలేదమ్మా. అడిగి ఉన్నా ఎవరూ వేసేవాళ్లు కాదు.’ ఆవిడ వేళ్లు లెక్కపెట్టుకుంది. ‘మరి నాకెవలు పెట్టిన్రు?’ అంది. మీ అమ్మ కావచ్చు, సూది కావచ్చు అన్నాను. ఆర్ఎంపీ డాక్టరు గాజు సిరంజిని గిన్నెలో మరగబెట్టి ఊరంతటికీ అదే సూది వేసేవాడని ఆవిడే గుర్తుచేసుకుంది. రెండు రోజుల తర్వాత కూతురితో కలిసి క్లినిక్‌కు వచ్చి చెయ్యి చాపింది.

పాజిటివ్. ఎంజైములు పెరిగి ఉన్నాయి, లివర్‌లో గట్టిదనం మొదలైంది. ఆవిడకు మందు అవసరం. 50 దాటిన ఆసియా స్త్రీ కాబట్టి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ కూడా కావాలి. మగవాళ్లకైతే ఇది 40 నుంచే.

సూట్‌కేసులోని పొడి

ఇంకో చిక్కు మిగిలింది. కూతురి కోసం ఆవిడ నేల ఉసిరి పొడి తెచ్చింది. టెనోఫోవిర్ ఆపించి దాన్ని మొదలుపెట్టాలన్నది ఆవిడ ఉద్దేశం.

ఇలాంటి చోట మావాళ్లు ‘నాటు మందులు వాడకండి’ అని ఒక ముక్కలో తేల్చేస్తారు. అలా అన్నాక పేషెంటు వాడటం మానదు, మనకు చెప్పడం మానేస్తుంది. నేను నేల ఉసిరి కథ మొత్తం చెప్పాను. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్ ఈ మొక్క మీద ఆసక్తి చూపించాడు. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. నెల రోజులు నేల ఉసిరి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో హెచ్‌బీఎస్ఏజీ కనిపించకుండా పోయింది. ప్రపంచం ఆశపడింది. చాలా చోట్ల మళ్లీ చేసి చూశారు, ఆ ఫలితం రాలేదు. అంటే మీ ఊరి మొక్కను ఎవరూ చిన్నచూపు చూడలేదు, పరీక్ష పెట్టారు, ఈ వైరస్ విషయంలో అది నెగ్గలేదు. పైగా కడుపుతో ఉన్న పిల్లకు ఏ పొడి ఎంత ఇవ్వొచ్చో తేల్చినవాళ్లు లేరు.

ఆవిడ కాసేపు ఆలోచించి డబ్బా మూత బిగించింది. అమ్మాయి ఆ రాత్రి మాత్ర వేసుకుంది. డబ్బాను పారేయలేదు, అల్మరాలో పెట్టింది. అంతకంటే నేనూ అడగలేదు.

కాన్పుకు ముందు మేం చేసిన పని ఒకటుంది, చిన్నదే గానీ అందరూ చేయాలంటాను. ‘తల్లి హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్, బిడ్డకు 12 గంటల్లోపు హెచ్‌బీఐజీ, టీకా వేయాలి’ అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో కార్డు రాసి ఆసుపత్రి బ్యాగుకు అతికించాం. హెచ్‌బీఐజీ అంటే వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల సూది. అర్ధరాత్రి డ్యూటీ మారే సమయంలో ఫైలు ఎక్కడుందో ఎవరికి తెలుసు? డిసెంబర్‌లో పాప పుట్టింది. నాలుగు గంటల్లో రెండు తొడలకూ రెండు సూదులు పడ్డాయి. గంట చూసుకున్నది అమ్మమ్మేనట. తల్లిపాలు ఇవ్వొచ్చా అని మూడుసార్లు అడిగారు. ఇవ్వొచ్చు.

రెండో క్యాంపు

2024 మార్చిలో అదే హాల్లో మళ్లీ పెట్టాం. పోస్టరు లేదు, రిబ్బన్ లేదు, స్లైడ్లు లేవు. వారం ముందు మహిళల వాట్సాప్ గ్రూపుల్లో నిమిషం నిడివి వాయిస్ మెసేజ్ పంపాం. ‘మీ ఇంట్లో ఎవరైనా కడుపులో నీళ్లు చేరి పోయారా? గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ అయ్యారా? టీకా వేయించుకున్నారు గానీ రక్తం ఎప్పుడూ చూపించుకోలేదా?’ అన్నవి అందులోని ప్రశ్నలు. బోర్డు మీద క్యాలెండర్ కాగితం నాటి రెండు వరసలే గీశాను. చెద మాట వాడాను. ఆ మాట ఇచ్చినావిడ మూడో వరసలో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తన సంగతి ఎవరికీ చెప్పలేదు, మేమూ చెప్పమనలేదు. తర్వాత భోజనాల దగ్గర నలుగురు ఆడవాళ్లకు ‘కంచంతోని రాదట’ అని చెప్తుంటే విన్నాను.

రక్తం తీసే చోటు పిల్లల తెలుగు క్లాసు గదికి మార్చాం. షుగర్, కొలెస్ట్రాల్‌తో పాటు ఇదీ ఒక ట్యూబు. గదిలోకి ఎవరు ఎందుకెళ్లారో బయటివాళ్లకు తెలియదు. దీని మీద మా టీమ్‌లో గొడవ జరిగింది. ఎలాగూ రక్తం ఇస్తున్నారు కదా, ఒకే సంతకం చాలన్నాడు మా సహోద్యోగి. నేను ఒప్పుకోలేదు. ఈ పరీక్షలో పాజిటివ్ వస్తే ఇల్లంతా తల్లకిందులవుతుంది. అడిగి, చెప్పి, విడిగా సంతకం తీసుకోవాల్సిందే అన్నాను. చివరికి అలాగే చేశాం. సంతకం దగ్గర వెనక్కి తగ్గినవాళ్లు కొందరున్నారు, అది వాళ్ల హక్కు. ఫలితం కూడా ఎవరిది వాళ్లకే చెప్పాం. భార్యది భర్తకు, అత్తది కోడలికి చెప్పలేదు.

మధ్యాహ్నానికి తెచ్చిన ట్యూబులు అయిపోయాయి. ఇది మా మాట తీరు వల్లా, షుగర్ పరీక్ష ఉచితం కావడం వల్లా అంటే నేను తేల్చి చెప్పలేను. రెండూ అయి ఉంటాయి. ముప్పైల్లో ఉన్న ఐటీ కుర్రాళ్లు ఈసారీ కూర్చోలేదు. వాళ్లకు మా దగ్గర ఇంకా మాట దొరకలేదు. డెంటల్ కాలేజీకి అప్లై చేస్తున్న ఒకమ్మాయి మాత్రం అందరూ వెళ్లాక వచ్చి, పాజిటివ్ వస్తే సీటు పోతుందా అని అడిగింది. న్యూజెర్సీలోనే ఇలాంటి వివాదం ఒకటి నడిచింది. హెపటైటిస్ బి ఉందన్న కారణంతో వైద్య విద్యార్థుల ప్రవేశాన్ని అడ్డుకోవడం వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని కేంద్ర న్యాయశాఖ తేల్చి, 2013లో ఒప్పందం చేయించింది. ఆ సంగతి చెప్పాక రక్తం ఇచ్చింది.

ఇప్పటి పరిస్థితి

పాపకు మిగతా డోసులు సమయానికే పడ్డాయి. పదో నెలలో చేసిన పరీక్షలో వైరస్ లేదు, రక్షణ బాగా ఉంది. కాన్పు తర్వాత మూడు నెలలకు తల్లికి డాక్టరు మందు ఆపారు. మందు ఆపాక ఎంజైములు ఎగసే ప్రమాదం ఉంటుంది కాబట్టి కొన్ని నెలలు దగ్గరగా చూశాం. ఇప్పుడు ఆరు నెలలకోసారి వస్తోంది. భర్త తరఫువాళ్లకు ఇప్పటికీ చెప్పలేదు. చెప్పాలని నాకుంది గానీ చెప్పాల్సింది నేను కాదు. మా ఫారంలో ‘లివర్ జబ్బు’ పక్కన ‘కడుపులో నీళ్లు చేరడం’ అని చేర్చమని అడిగాను. కమిటీలో ఉంది. అప్పటిదాకా పెన్నుతో రాసుకుంటున్నాం.

అమ్మమ్మ 2024 ఏప్రిల్‌లో ఊరికి తిరిగి వెళ్లింది. మన దేశంలో 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పరీక్షలు, మందు ఉచితం. రిపోర్టులన్నీ ఒక ఫైలులో పెట్టి, పైన ఒక ఉత్తరం రాసి పంపాను. మందు వేసుకుంటోంది. పెద్దకొడుకు మాత్రం ‘నాకేమైంది, రోజంత ట్రాక్టర్ నడుపుత’ అని కదల్లేదట. రెండుసార్లు అడిగి ఊరుకుంది.

కిందటి నెల వీడియో కాల్‌లో నవ్వుతూ చెప్పింది. ‘మేడం, ఫైలు మోస్తందుకు తోడు రమ్మన్న. వచ్చిండు. ఆడనే కూసోవెట్టి రక్తం ఇప్పిచ్చిన.’

విడి సంతకం కోసం టీమ్‌తో అంత పోట్లాడినదాన్ని. ఏమనాలో తోచలేదు. ‘రిపోర్టు ఎప్పుడిస్తామన్నారమ్మా?’ అని మాత్రం అడిగాను.